కన్సోల్ అభిమానుల గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్, వాటికి ముందు సెగా, అటారీ. ఈ కంపెనీల అభిమానులు కొట్లాడుకున్న చోటల్లా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. గేమ్స్ మీద నిజమైన ఇష్టంతో వాదించేవాళ్ల కోసం ఈ జవాబులు రాశాను. కొన్నింటికి లెక్కలు సరిపోతాయి, కొన్నింటికి నా అభిప్రాయం కూడా చెప్పక తప్పలేదు.

ఈ గొడవలు ఎప్పుడు మొదలయ్యాయి?

చాలామంది సెగా, నింటెండోల నుంచి లెక్కపెడతారు గానీ, అంతకు పదేళ్ల ముందే మొదలయ్యాయి. 1977లో అటారీ 2600 వచ్చింది. ఆ తర్వాత బొమ్మల కంపెనీ మాటెల్ 'ఇంటెలివిజన్' అనే కన్సోల్‌తో పోటీకి దిగింది. దాని టీవీ ప్రకటనల్లో అమెరికన్ రచయిత జార్జ్ ప్లింప్టన్ కనిపించేవాడు. అటారీ గేమ్‌నీ ఇంటెలివిజన్ గేమ్‌నీ రెండు టీవీల్లో పక్కపక్కన చూపించి, తేడా చూడమనేవాడు. ఇప్పుడు ఒకే గేమ్‌ని రెండు కన్సోళ్ల మీద నడిపి, తెరను సగానికి చీల్చి, గడ్డిపరకలు లెక్కపెట్టే వీడియోలకు పూర్వీకురాలు ఆ ప్రకటనే. ఈ పోలిక ముందు వ్యాపార ప్రకటనల్లో పుట్టింది, తర్వాతే అభిమానుల నోటికెక్కింది. ఈ వరస మీకు కింద చాలాసార్లు కనిపిస్తుంది.

సెగా, నింటెండోల పోరు నిజంగా అంత పెద్దదా? చివరికి ఎవరు గెలిచారు?

పెద్దదే. 1980ల చివరికి అమెరికాలో వీడియో గేమ్ అంటే నింటెండో అనే పరిస్థితి. 1983లో అక్కడి మార్కెట్ కుప్పకూలాక దాన్ని మళ్లీ నిలబెట్టింది కూడా నింటెండోనే. అలాంటి కంపెనీని ఢీకొట్టాలంటే మంచి మెషీన్ ఒక్కటే చాలదని సెగాకి అర్థమైంది. 1989లో తన కన్సోల్ జెనెసిస్‌ని అమెరికాలో దించాక, నింటెండో చేయలేనిది మా జెనెసిస్ చేస్తుందని పేరుపెట్టి మరీ సవాలు విసిరింది. 1990లో టామ్ కాలిన్‌స్కీ సెగా అమెరికా పగ్గాలు పట్టాక దూకుడు ఇంకా పెరిగింది. కన్సోల్ ధర తగ్గించారు. పెట్టెలో ఉచితంగా ఇచ్చే 'ఆల్టర్డ్ బీస్ట్' గేమ్ తీసేసి, 1991లో వచ్చిన కొత్త 'సోనిక్'ని పెట్టారు. నింటెండో పిల్లలది, సెగా కుర్రకారుది అనే ముద్ర వేశారు. ముప్పై ఏళ్లు దాటినా అభిమానులు ఆ ముద్రతోనే మాట్లాడటం చూస్తే ప్రకటనల శక్తి ఎంతటిదో తెలుస్తుంది.

వేగం గురించి సెగా ప్రకటనల్లో వాడిన 'బ్లాస్ట్ ప్రాసెసింగ్' అనే మాట కూడా అప్పటిదే. జెనెసిస్‌లోని ప్రాసెసర్ సూపర్ నింటెండో దానికన్నా వేగంగా నడిచేది, అది నిజం. కానీ సూపర్ నింటెండో ఒకేసారి చూపగల రంగులు ఎక్కువ, దాని సౌండ్ చిప్ కూడా మెరుగైనది. ఆ సౌండ్ చిప్ సోనీ చేసిచ్చిందని, దాని వెనకున్న ఇంజనీరు కెన్ కుతరాగీయే తర్వాత ప్లేస్టేషన్ సృష్టించాడని తెలిసినప్పుడు ఈ చరిత్ర మీద నాకు మోజు రెట్టింపైంది.

1993లో 'మోర్టల్ కోంబాట్' ఇంటి కన్సోళ్లకు వచ్చినప్పుడు నింటెండో వెర్షన్‌లో రక్తం తీసేసి చెమటలాంటి రంగు వేశారు. సెగా వెర్షన్‌లో ఒక కోడ్ నొక్కితే రక్తం కనిపించేది. సెగా వెర్షన్ ఎక్కువ అమ్ముడైంది. ఆ ఏడాది చివర్లో గేమ్స్‌లో హింస మీద అమెరికా సెనేట్ విచారణ జరిపింది. మరుసటి ఏడాది గేమ్స్‌కి వయసు రేటింగ్ ఇచ్చే ఈఎస్ఆర్‌బీ ఏర్పడింది. ఇప్పుడు అమెరికాలో గేమ్ పెట్టె మీద కనిపించే ఆ చిన్న అక్షరం వెనక కథ ఇది.

ఎవరు గెలిచారంటే, ప్రపంచం మొత్తం మీద నింటెండోనే. సూపర్ నింటెండో 4.91 కోట్లు అమ్ముడైంది, సెగా మెషీన్ దాదాపు 3 కోట్లు. కానీ ఉత్తర అమెరికాలో కొన్నేళ్లపాటు సెగా నువ్వా నేనా అన్నట్టు నిలబడింది. జపాన్‌లో మాత్రం దానిది మూడో స్థానం. కాబట్టి ఒకరు సెగా గెలిచిందని, మరొకరు ఓడిందని అంటే ఇద్దరూ తాము పెరిగిన చోటు గురించి నిజమే చెబుతూ ఉండొచ్చు.

నింటెండో మోసం చేయడం వల్లే ప్లేస్టేషన్ పుట్టిందంటారు. నిజమా?

సగం నిజం. సూపర్ నింటెండోకి సీడీ డ్రైవ్ చేయడానికి నింటెండో, సోనీల మధ్య ఒప్పందం ఉండేది. 1991 జూన్‌లో షికాగోలో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్‌లో సోనీ ఆ సంగతి ప్రకటించింది. మర్నాడే నింటెండో తాము ఫిలిప్స్‌తో కలుస్తున్నామని చెప్పింది. సోనీకి అది నలుగురిలో జరిగిన అవమానం. కాకపోతే పాత ఒప్పందం ప్రకారం సీడీ గేమ్స్ లైసెన్సింగ్ మీద పట్టు సోనీ చేతికి వెళ్లేది. నింటెండో ఆదాయానికి అదే ఆయువుపట్టు కాబట్టి అది వెనక్కి తగ్గడంలో అర్థం ఉంది. ఆ పద్ధతిని మాత్రం నేను సమర్థించను.

1994 డిసెంబర్ 3న జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చింది. 1995 మేలో జరిగిన గేమ్స్ ప్రదర్శన, మొదటి ఈ3లో సెగా తన కొత్త కన్సోల్ శాటర్న్ ధర 399 డాలర్లని, అమ్మకాలు ఇవాళే మొదలని చెప్పింది. తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదిక మీదికి వచ్చి '299' అన్న ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. హాలంతా చప్పట్లు. శాటర్న్ కోటి కూడా దాటలేదు, ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది.

ఎక్కువ పవర్ ఉన్న కన్సోలే గెలుస్తుంది కదా?

ఎక్కువ సార్లు గెలవలేదు. 1989 నాటి నింటెండో చేతి కన్సోల్ గేమ్ బాయ్‌కి రంగుల తెర లేదు, లైటు లేదు. పోటీగా వచ్చిన సెగా గేమ్ గియర్‌కి రెండూ ఉన్నాయి, కానీ ఆరు బ్యాటరీలు పెట్టినా కొద్ది గంటల్లోనే అయిపోయేవి. గేమ్ బాయ్ కుటుంబం 11.8 కోట్లకు చేరితే, గేమ్ గియర్ కోటి దగ్గర ఆగింది. నింటెండో 64 లెక్కల్లో ప్లేస్టేషన్‌ని మించింది, అమ్మకాల్లో మూడో వంతు దగ్గరే ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్ ప్లేస్టేషన్ 2 కన్నా స్పష్టంగా శక్తివంతమైనది. దాని అమ్మకాలు సుమారు 2.4 కోట్లు, ప్లేస్టేషన్ 2వి 15 కోట్లకు పైగా. తర్వాతి తరం మెషీన్లలో బాగా బలహీనమైన నింటెండో వీ 10 కోట్లు దాటింది. అదే కంపెనీ స్విచ్ 15 కోట్లు దాటింది.

అలాగని బలహీనమైనదే గెలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. ప్లేస్టేషన్ 4 తన పోటీదారు ఎక్స్‌బాక్స్ వన్ కన్నా శక్తివంతమైనది, ధర కూడా తక్కువ, గెలిచింది. వీ తర్వాత నింటెండో తెచ్చిన వీ యూ బలహీనమైనది, 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది.

నింటెండో 64 ఓటమిలో అసలు పాఠం పవర్ గురించి కాదు, గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బా, కార్ట్రిడ్జ్ గురించి. దానిలో గరిష్ఠంగా 64 మెగాబైట్లు పట్టేవి. సీడీలో సుమారు 650 పట్టేవి, తయారీ ఖర్చూ తక్కువే. అప్పటిదాకా నింటెండోతో ఉన్న స్క్వేర్ కంపెనీ 'ఫైనల్ ఫాంటసీ 7'ని మూడు సీడీలతో 1997లో ప్లేస్టేషన్ మీద విడుదల చేసింది. డెవలపర్లు ఎటు పోతే ఆటగాళ్లు అటే పోతారు. డెవలపర్లు ఎటు పోతారన్నది ఖర్చు, స్థలం, ఎంతమంది కొంటారన్న అంచనాల మీద ఆధారపడి ఉంటుంది. పవర్ ఆ జాబితాలో ఉంటుంది, మొదటి స్థానంలో ఉండదు.

మరి టెరాఫ్లాప్స్?

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 12, ప్లేస్టేషన్ 5కి 10.28. 2020 అంతా ఈ రెండంకెల మీదే గొడవ నడిచింది. తీరా రెండూ మార్కెట్లోకి వచ్చాక చాలా గేమ్స్ రెండింటిలో దాదాపు ఒకేలా నడిచాయి, కొన్ని ప్లేస్టేషన్‌లోనే మెరుగ్గా నడిచాయి. టెరాఫ్లాప్స్ గ్రాఫిక్స్ చిప్ గరిష్ఠంగా ఎంత లెక్క చేయగలదో చెబుతుంది. మెమరీ ఎలా ఉంది, డేటా ఎంత వేగంగా వస్తుంది, డెవలపర్ల చేతిలో ఉన్న టూల్స్ ఎలాంటివి అన్నది అందులో ఉండదు. పైగా రెండింటి లోపలా ఉన్నది ఒకే కంపెనీ, ఏఎండీ, చేసిచ్చిన ఒకే కుటుంబం చిప్పులు. నిజంగా తేడా ఉందో లేదో తెలియాలంటే డిజిటల్ ఫౌండ్రీ లాంటివాళ్లు గేమ్ నడుస్తుండగా ఫ్రేమ్ రేటు, రిజల్యూషన్ కొలిచి చెప్పేవి చూడండి.

అమ్మకాల లెక్కలు ఎందుకు ఒకదానికొకటి సరిపోవు?

కంపెనీలు సాధారణంగా షాపులకు పంపిన వాటి సంఖ్య చెబుతాయి. అందులో కొన్ని ఇంకా అరలోనే ఉండొచ్చు. అమ్ముడైనవి వేరే లెక్క. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి కన్సోళ్ల సంఖ్య చెప్పడమే మానేసింది, కాబట్టి ఆ తర్వాత వినిపించే ఎక్స్‌బాక్స్ అంకెల్లో చాలావరకు బయటివాళ్ల అంచనాలే. ఇంకో చిక్కు, ఎప్పటిదాకా లెక్కపెడుతున్నారన్నది. ప్లేస్టేషన్ 3 ఎక్స్‌బాక్స్ 360 కన్నా ఏడాది ఆలస్యంగా, 499, 599 డాలర్ల ధరలతో వచ్చింది. మొదటి మూడేళ్లు దాన్ని ఫెయిల్యూర్ అనే అన్నారు. చివరికి 8.7 కోట్లతో 360ని కొద్దిగా దాటింది. ఏ ఏడాది దగ్గర ఆగి లెక్కపెడుతున్నారో చెప్పకుండా ఎవరైనా గెలుపోటములు తేల్చేస్తుంటే నమ్మకండి.

కన్సోళ్లను నష్టానికి అమ్ముతారా?

చాలాసార్లు అవును. ప్లేస్టేషన్ 3 మొదట్లో తయారీ ఖర్చు కన్నా తక్కువకే అమ్ముడైంది. 2021లో ఎపిక్, యాపిల్ కంపెనీల కేసు విచారణలో, ఎక్స్‌బాక్స్ కన్సోళ్ల మీద తమకు ఎప్పుడూ లాభం రాలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి సాక్ష్యం చెప్పారు. డబ్బు గేమ్స్ నుంచి వస్తుంది. ఆన్‌లైన్ స్టోర్లో అమ్ముడైన ప్రతి గేమ్ ధరలో సాధారణంగా 30 శాతం కన్సోల్ కంపెనీదే. నింటెండో మాత్రం మెషీన్ మీద కూడా లాభం చూసుకునే పద్ధతినే ఎక్కువగా పాటిస్తుంది. ఈ సంగతి తెలిస్తే కంపెనీలు మిమ్మల్ని తమ ప్లాట్‌ఫామ్‌లో ఉంచుకోవడానికి ఎందుకంత తాపత్రయపడతాయో అర్థమవుతుంది.

ఎక్స్‌క్లూజివ్ గేమ్స్ మంచివా, చెడ్డవా?

రెండు రకాలున్నాయి, వాటిని కలిపి వాదిస్తేనే గొడవ తెగదు. కంపెనీ తన సొంత స్టూడియోలో, తన డబ్బుతో, తన మెషీన్ కోసమే చేయించిన గేమ్ ఒకటి. 'మారియో' గేమ్స్ అలాంటివి. మెషీన్ చేసినవాళ్లు, గేమ్ చేసినవాళ్లు ఒకే కప్పు కింద ఉండటం వల్ల వచ్చే నాణ్యత అందులో కనిపిస్తుంది. కన్సోల్ అమ్మాలన్న అవసరం లేకపోతే ఇంత డబ్బు, ఇంత ఓపిక ఎవరూ పెట్టరు. అలాంటి గేమ్స్ నాకిష్టం, అవి ఉండాలనే కోరుకుంటాను.

రెండో రకం, ఎలాగూ అన్ని కన్సోళ్ల మీదా వచ్చే గేమ్‌ని డబ్బిచ్చి పక్కవాళ్లకు కొంతకాలం రాకుండా ఆపడం. ఇందులో ఆటగాడికి దక్కే లాభం ఏమీ లేదు. 2015లో 'రైజ్ ఆఫ్ ద టూంబ్ రైడర్' ముందు ఎక్స్‌బాక్స్ మీదే వచ్చింది, ప్లేస్టేషన్‌వాళ్లు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చింది. అంతకుముందు 'కాల్ ఆఫ్ డ్యూటీ' అదనపు మ్యాపులు ఎక్స్‌బాక్స్‌కి ముందు వచ్చేవి, తర్వాత ప్లేస్టేషన్‌కి. మన వంతు వచ్చినప్పుడు పండగ చేసుకుని, అవతలివాళ్ల వంతు వచ్చినప్పుడు అన్యాయమని అరవడం మానేస్తే సగం గొడవలు తగ్గుతాయి.

నా కన్సోల్‌ని తిడితే నన్నే తిట్టినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. 1956లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. కొందరు మహిళలకు రకరకాల గృహోపకరణాలు చూపించి మార్కులు వేయమన్నాడు. తర్వాత దాదాపు సమానంగా నచ్చిన రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నాడు. మళ్లీ మార్కులు వేయమంటే, ఎంచుకున్నదానికి మార్కులు పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. వస్తువు మారలేదు, ఎంపిక ఒక్కటే జరిగింది. హెన్రీ టాజ్‌ఫెల్ బ్రిస్టల్‌లో స్కూలు కుర్రాళ్ల మీద చేసిన ప్రయోగాలు ఇంకా ముందుకెళ్లాయి. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్నంత చిన్న సాకుతో రెండు జట్లు చేసినా, వాళ్లు తమ జట్టుకే ఎక్కువ ఇచ్చారు. తమకొచ్చేది కొంచెం తగ్గినా సరే, అవతలి జట్టుతో తేడా ఉండాలనే చూశారు.

కన్సోల్ విషయంలో దీనికి డబ్బు కూడా తోడవుతుంది. చాలామంది ఒక తరానికి ఒక్కటే కొనగలరు. పండక్కి అడిగి అడిగి కొనిపించుకున్న పిల్లాడికి అది తప్పు ఎంపిక అని వినడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే చిన్నవయసు అభిమానులతో వాదించేటప్పుడు కాస్త మెత్తగా ఉండమని అడుగుతాను.

అభిమానుల గోల వల్ల కంపెనీలు ఎప్పుడైనా మారాయా?

మారాయి. ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ని పరిచయం చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలంది, పాత డిస్కులు ఇచ్చిపుచ్చుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. ఈ3లో సోనీ 399 డాలర్ల ధర చెప్పి, మా డిస్కు మీ ఇష్టం అంది. స్నేహితుడికి గేమ్ ఎలా ఇవ్వాలో చూపిస్తూ ఒక చిన్న వీడియో కూడా వదిలింది, అందులో ఒకరు డిస్కుని ఇంకొకరి చేతికి అందిస్తారు, అంతే. అవతలి శిబిరం వేళాకోళం మైక్రోసాఫ్ట్‌కి తగిలింది, కాదనను. కానీ జూన్ 19న ఆ నిబంధనలన్నీ ఎత్తేసేలా చేసింది మాత్రం, అప్పటిదాకా 360 మీద ఆడుతున్న సొంత కొనుగోలుదారులు మేం కొనం అని చెప్పడమే.

2018లో 'ఫోర్ట్‌నైట్' స్విచ్ మీద వచ్చినప్పుడు, ప్లేస్టేషన్‌తో ముడిపడిన ఖాతా ఉన్నవాళ్లకు స్విచ్‌లో లాగిన్ కుదరలేదు. ఇందులో నష్టపోయింది సోనీ కస్టమర్లే, అరిచిందీ వాళ్లే. ఆ సెప్టెంబర్‌లో సోనీ దిగొచ్చి వేర్వేరు కన్సోళ్లవాళ్లు కలిసి ఆడుకునే క్రాస్‌ప్లేకి తలుపు తీసింది. 2021 జనవరిలో ఆన్‌లైన్‌లో ఆడటానికి కట్టే చందా, ఎక్స్‌బాక్స్ లైవ్ గోల్డ్ ధర పెంచుతామన్న ప్రకటనని మైక్రోసాఫ్ట్ ఒక్క రోజు కూడా నిలబెట్టుకోలేకపోయింది. అదే ఏడాది ప్లేస్టేషన్ 3, చేతి కన్సోల్ వీటాల ఆన్‌లైన్ స్టోర్లు మూసేస్తామన్న సోనీ కొన్ని వారాల్లోనే మాట మార్చుకుంది.

వీటన్నిటిలోనూ పనిచేసింది సొంత ఇంటివాళ్ల కోపం. ప్లేస్టేషన్ అభిమాని ఎక్స్‌బాక్స్‌ని ఎంత తిట్టినా మైక్రోసాఫ్ట్‌కి పోయేదేం లేదు, ఆయన ఎలాగూ కొనడు. ఎక్స్‌బాక్స్ అభిమాని తిడితే ఆదాయం కదులుతుంది. కాబట్టి మీకు ఒక కంపెనీ అంటే ప్రాణమైతే, గట్టిగా నిలదీయాల్సింది కూడా దాన్నే.

తప్పు చేసినా మన కంపెనీని వెనకేసుకురావడం విశ్వాసం కదా?

ఎక్స్‌బాక్స్ 360లో ఎర్ర లైట్లు వెలిగి మెషీన్ చచ్చిపోయే లోపం గుర్తుందా? అప్పట్లో కొందరు అభిమానులు, గాలి తగిలేలా పెట్టుకోకపోవడం మీ తప్పేనని బాధితులనే అన్నారు. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ స్వయంగా ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, దానికోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ల వల్లే వెనకేసుకొచ్చినవాళ్ల మెషీన్లు కూడా ఉచితంగా బాగయ్యాయి.

మూకుమ్మడిగా చెడ్డ రివ్యూలు ఇవ్వడం, అంటే రివ్యూ బాంబింగ్ తప్పా?

ఆడనివాళ్లు చేస్తే తప్పే. 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' విడుదలైన కొన్ని గంటల్లోనే రివ్యూల సైట్ మెటాక్రిటిక్‌లో వేల సున్నాలు పడ్డాయి. అంత పొడవైన గేమ్‌ని అప్పటికి పూర్తిచేయడం సాధ్యమే కాదు. ఆ తర్వాత ఆ సైట్ యూజర్ రివ్యూలకు 36 గంటల ఆగుదల పెట్టింది. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' పీసీ ఆటగాళ్లు చేసింది వేరు. కొన్నాక ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా తప్పనిసరి అనడం, ఆ ఖాతా దొరకని దేశాలు చాలా ఉండటంతో పీసీ గేమ్స్ అమ్మే స్టోర్ స్టీమ్‌లో మూకుమ్మడిగా చెడ్డ రివ్యూలు ఇచ్చారు. స్టీమ్‌లో గేమ్ ఉన్నవాళ్లే రివ్యూ రాయగలరు. సోనీ నిర్ణయం వెనక్కి తీసుకుంది.

బెదిరింపులు?

దానికి ఏ సాకూ లేదు. 2016లో 'నో మ్యాన్స్ స్కై' కొన్ని వారాలు వాయిదా పడినందుకు దాన్ని చేసిన షాన్ మర్రీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వాయిదా వార్త రాసిన విలేకరికి కూడా. మీ వైపు వాదించేవాడు అలాంటి మాట అంటే ముందు ఆపాల్సింది మీరే.

ఎక్స్‌బాక్స్ గేమ్స్ ప్లేస్టేషన్‌లో వచ్చేస్తున్నాయి. ఇక యుద్ధం అయిపోయినట్టేనా?

రూపం మారింది. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుని 2023 అక్టోబర్‌లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని సొంతం చేసుకుంది. అన్నీ ఎక్స్‌బాక్స్‌కే పరిమితం చేస్తుందని చాలామంది భయపడ్డారు. 2024లో 'సీ ఆఫ్ థీవ్స్' లాంటి నాలుగు గేమ్స్‌ని పోటీ కన్సోళ్లకు ఇచ్చింది. 2025లో 'ఫోర్జా హొరైజన్ 5', 'గేర్స్ ఆఫ్ వార్' కూడా ప్లేస్టేషన్ 5కి వెళ్లాయి. సోనీ తన పెద్ద గేమ్స్‌ని పీసీకి తెచ్చింది, 'హెల్‌డైవర్స్ 2'ని ఏకంగా ఎక్స్‌బాక్స్‌కే ఇచ్చింది. ఇప్పటి గేమ్స్ ఖర్చు ఒక్క కన్సోల్ అమ్మకాలతో రాబట్టడం కష్టం కాబట్టే ఇదంతా.

పాత ఎక్స్‌బాక్స్ అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది. 2001లో సెగా కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ ఆగిపోయి, అదే ఏడాది చివర్లో సోనిక్ నింటెండో గేమ్‌క్యూబ్ మీద కనిపించినప్పుడు సెగావాళ్లకూ ఇలాగే ఉండి ఉంటుంది. వాళ్లను ఎగతాళి చేయకండి. పోటీదారు బలహీనపడితే ధరల విషయంలో మిగిలినవాళ్ల చేయి పైనవుతుంది, ఆ భారం గెలిచామనుకున్న అభిమానుల మీదే పడుతుంది.

పీసీవాళ్ల సంగతి?

పీసీలో గ్రాఫిక్స్ మెరుగ్గా ఉండొచ్చు, ఖర్చు కూడా ఎక్కువే. కన్సోల్ ఆన్ చేయగానే ఆడుకోవచ్చు. ఇందులో పెద్ద వాదనేం లేదు.

కొత్తగా కొంటున్నాను. ఎవరి మాట వినాలి?

మీతో ఆడబోయే స్నేహితుల మాట. వాళ్లు ఏ కన్సోల్ మీద ఉన్నారో, ఏ గేమ్స్ ఆడతారో కనుక్కోండి. క్రాస్‌ప్లే ఉన్న గేమ్ అయితే ఏదైనా ఫర్వాలేదు, లేకపోతే వాళ్లదే కొనండి. ఆ తర్వాత మీరు తప్పక ఆడాలనుకునే గేమ్స్ రాసుకుని, అవి దేని మీద ఉన్నాయో చూసుకోండి. ఇంట్లో పాత డిస్కులుంటే డిస్క్ డ్రైవ్ లేని మోడల్ జోలికి పోకండి. అలాగే పాత ప్లేస్టేషన్ 4 గేమ్స్ చాలావరకు ప్లేస్టేషన్ 5లో నడుస్తాయి, ప్లేస్టేషన్ 3 డిస్కులు నడవవు. సిరీస్ ఎక్స్‌లో మొదటి ఎక్స్‌బాక్స్ నాటి డిస్కులు కూడా కొన్ని నడుస్తాయి, ఆ జాబితా మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉంది. కొనే ముందే మీ డిస్కుల పేర్లు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.